ఎర్రమూత సీసా

విమల తేన్చింది.

బీడీలు చుడుతున్న హన్మవ్వ చేట పక్కన పడేసి ఉరికొచ్చింది. "మండుతున్నదా బిడ్డా?"

"లేదవ్వా. ఉత్తగనే వచ్చింది."

హన్మవ్వ నమ్మలేదు. మనవరాలికి గుండెల్లో మంట మొదలై రెండేళ్లు. అప్పట్నుంచీ ఎల్లారెడ్డిలో ఆ పిల్ల తేన్పులు లెక్కపెట్టే మనిషి ఆమె ఒక్కతే. పచ్చిపులుసు బంద్. మిరపతొక్కు బంద్. గాంధారిలో పెండ్లికి పోతే, వండిన మటన్ ముక్కల్ని బిందెడు నీళ్లతో కడిగి పెట్టింది. వంటవాళ్లు నోళ్లు తెరిచి చూశారు. పిల్ల వంతు తొక్కు పారేయడానికి చేతులు రాక, మూడు పూటలా తనే తినేది.

ఇప్పుడు విమలకు కామారెడ్డి హాస్టల్లో సీటొచ్చింది. పిల్ల ఎగిరి గంతేసింది. హన్మవ్వకు గుండె జారిపోయింది. విమల లేని ఇంట్లో ఒక్కరోజు ఉండటం కూడా ఆమె వల్ల కాదు.

"మంట తగ్గలేదు. ఎట్ల పంపుతవురా?" అని కొడుకు లింగం మీద పడింది.

"డాక్టరు సారు ఏమంటే అదేనే అవ్వా," అన్నాడు లింగం.

కామారెడ్డిలో పిల్లల డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. "కడుపులోని పులుపు చాన్నాళ్లు గొంతులోకి తన్నితే పిల్లల ఆహారనాళంలో నరాల కొసలు రెచ్చిపోతాయి. ఇక చీమ కుట్టినా తేలు కుట్టినట్టే గోల పెడతాయి. ఈ పిల్లకు అవి చల్లబడ్డాయేమో చూద్దాం."

రెండు సీసాలిచ్చాడు. ఒకటి ఎర్రమూత, ఒకటి తెల్లమూత.

"ఒకదాంట్లో కొంచెం పులుపు కలిపాను. ఏదన్నది చెప్పను. ఆదివారం పరగడుపున ఒక్కో చెంచా పట్టండి. మండితే హాస్టల్ వద్దు. మండకపోతే పంపించండి."

తను రుచి చూడనిదే మనవరాలి నోట్లో ఏదీ పెట్టే అలవాటు హన్మవ్వకు లేదు. ఆదివారం పొద్దున్నే వంటింట్లోకి పోయి ఎర్రమూత తీసి చెంచాడు మింగింది. నాలుకకు ఏమీ తెలియలేదు. గొంతు దిగిందో లేదో, రొమ్ములో కుంపటి అంటుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక తెల్లమూత జోలికి పోలేదు.

దొరికింది దొంగసీసా! అంత మంటలోనూ ఆమెకు సంతోషమే అయింది. పిల్ల ఎటూ పోదు.

లింగం చూస్తుండగా విమల ఎర్రమూత చెంచా గుటుక్కున మింగింది.

"మండిందా?"

"లేదవ్వా."

"సక్కగ చెప్పు!"

"మండలేదు. ఒట్టు!"

తెల్లమూతదీ మింగి నవ్వింది.

హన్మవ్వ ఎర్రమూత సీసా తీసి కొంగున ముడేసుకుంది. హాస్టల్ మోజులో పసిపిల్ల నిప్పును కూడా నవ్వుతూ మింగుతోంది!

సోమవారం మొదటి బస్సుకే ముగ్గురూ కామారెడ్డిలో దిగారు. హన్మవ్వ ఎర్రమూత సీసా డాక్టరు బల్ల మీద ఠక్కున పెట్టింది.

"పిల్ల మంట దాస్తున్నది సారూ! ఇది ఒక్క చెంచా తాగితే నాకే పేగులు కాలినయి. పసిదానికి ఎట్లుంటది?"

"నిజంగానే కాలిందా?"

"నా బిడ్డ మీద ఒట్టు. ఇంకా మండుతనే ఉన్నది."

డాక్టరు చీటీ మీద విమల పేరు కొట్టేసి హన్మవ్వ అని రాసుకుంటూ, "రెండు సీసాల్లోనూ నేను పోసిచ్చింది మంచినీళ్లే అవ్వా," అన్నాడు.