ఊఁ అయినా కొట్టు

ఒడ్డున కూర్చునే ఆ పెద్దావిడ నోటికి మూత పడదని సర్వే అమ్మాయికి మొదటిరోజే తెలిసిపోయింది.

"పెళ్ళయిందా అమ్మాయ్?"

"లేదండి."

"అన్నదమ్ములున్నారా?"

"ఉన్నారండి."

అంతే, లెక్క తప్పింది. నీటికాకులను మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రాళ్ళ తీరానికి అమ్మాయి కొత్త. సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా కిందికి దిగి పిట్టలను లెక్కపెట్టాలి. రాళ్ళమీద ఇనుప చట్రం పరిచి, అందులో నాచు ఎంతమేర అల్లుకుందో చూడాలి. గట్టు ఎంత కోసుకుపోయిందో టేపుతో కొలవాలి. ఆఫీసులో మనుషులు తక్కువ. అందుకని ఒక్కతే వచ్చేది.

ఆవిడ మాత్రం పిలవని పేరంటంలా రోజూ తయారు. ఎత్తురాయి మీద కూర్చుని, చూపంతా నీళ్ళమీద పెట్టి ప్రశ్నలు వేసేది. మొహం చూసి మాట్లాడే అలవాటైనా లేదు.

"పలకవేం?"

"పని చేసుకుంటున్నానండి."

"చేసుకో, ఎవరొద్దన్నారు? ఊఁ అయినా కొట్టు."

ఒకరోజు అమ్మాయి చట్రం పరిచి వంగిందో లేదో, పైనుంచి పిలుపు.

"అమ్మాయ్, ఒకసారి ఇటు రా. తొందరగా."

ఏమైందోనని పరుగున ఎక్కింది.

"ఏంటండీ?"

"ఏం లేదు. మంచినీళ్ళు తాగు."

తాగి కిందికి చూస్తే చట్రం లేదు. అల ఊడ్చుకుపోయింది.

"మీరు పిలవకపోతే పట్టుకుని ఉండేదాన్ని" అంది అమ్మాయి.

"చట్రం పోతే ఇంకోటి వస్తుందిలే."

అప్పటికే లెక్కలు పొంతన లేకుండా ఉన్నాయని ఆఫీసరు చీవాట్లు పెట్టి ఉన్నాడు. అమ్మాయికి ఒళ్ళు మండింది.

"మీకేం పోయింది? ఉద్యోగం పోయేది నాకు. దయచేసి నోరు మూసుకుని కూర్చోండి."

"అది నావల్ల కాదమ్మాయ్."

"అయితే రాకండి."

ఆవిడ మొదటిసారి అమ్మాయి మొహంలోకి తేరిపార చూసింది.

"సరేనమ్మా" అని రాయి దిగి వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి రాలేదు. ప్రాణం హాయిగా ఉంది. లెక్కలు కుదిరాయి. ఆఫీసరు మెచ్చుకున్నాడు కూడా.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం నాచు మీదికి వంగి ఉన్న అమ్మాయికి అల వచ్చిన సంగతి, అది మీద పడ్డాకే తెలిసింది.

అటుగా వచ్చిన పడవవాళ్ళు చూడబట్టి బతికింది. కాలు విరిగింది.

ఆస్పత్రి మంచం మీద పడుకుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నీళ్ళు తాగమన్నప్పుడు, జడ ఊడిందన్నప్పుడు, ఊరికే రమ్మన్నప్పుడు... అలా పైకి వచ్చిన ప్రతిసారీ వెనకాల పెద్ద అల విరిగింది.

నడవగలిగిన రోజున చేతికర్ర పట్టుకుని గట్టు వెనకాల ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

తాళం వేసి ఉంది.

"చెల్లెలి ఊరికి వెళ్ళిపోయిందమ్మా. ఇల్లు ఖాళీ చేసేసింది" అన్నాడు పక్కింటి దర్జీ.

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"ఇంకెందుకొస్తుంది? ఇక్కడ తనకి పనేం లేదంది."



"మంచావిడ. కాస్త మాటలెక్కువగానీ" అంది అమ్మాయి.

దర్జీ మిషను ఆపాడు.

"ఆవిడకా? మేం పదిసార్లు పిలిస్తే ఒకసారి పలికే మనిషమ్మా."

"నాతో ఒకటే మాట్లాడేవారు."

"నువ్వు సర్వే అమ్మాయివా?"

"అవును."

అతను కాసేపు ఆమె కాలికట్టు వంక చూశాడు.

"నీకంటే ముందు ఆ పని చేసింది ఆవిడ కూతురేనమ్మా. లెక్క తప్పుతోంది, మాట్లాడకమ్మా అని ఆ పిల్ల అందిట. తల్లి ఆ ఎత్తురాయి మీదే నోరు మెదపకుండా కూర్చుంది. రాళ్ళ చాటున పిల్ల లేదన్న సంగతి, అల వచ్చి వెళ్ళిన చాలాసేపటికిగానీ ఆవిడకి తెలియలేదు."