పంపకంలో వచ్చిన మిషన్

గడ్డి కోసే మిషన్‌ను పక్కకి ఒరిగించగానే అన్న ఒక అడుగు వెనక్కి వేశాడు.

అడుగు డొప్ప నిండా కుళ్లిన గడ్డి. నల్లగా, జిగటగా, బ్లేడు చుట్టూ ముద్దలా అంటుకుపోయి ఉంది. అందులోంచి తెల్లటి పురుగొకటి తల బయటపెట్టి, వెలుతురు నచ్చనట్టు మళ్లీ లోపలికి దూరింది. కంపుకి ముక్కుపుటాలు మండాయి.

"ఛీ! మనిషన్నవాడు చేసే పనేనా ఇది!"

వరండాలో నిలబడ్డ భార్య ముక్కు మూసుకుంది.

"మళ్లీనా? నిన్న మీ తమ్ముడింటి నుంచి నేనే తోసుకొచ్చాను కదండీ. దారంతా ఈగలే."

దారంటే ఎంతో కాదు. పక్కిల్లే తమ్ముడిది. మధ్యలో నడుమెత్తు గోడ, గోడకో చిన్న గేటు. తండ్రి పెట్టిన రంగుల దుకాణాన్ని అన్నదమ్ములు కలిసి నడిపినన్నాళ్లూ ఆ గేటుకి గొళ్లెం పడలేదు. ఒక తప్పుడు బేరం మీద మాటా మాటా పెరిగింది. దుకాణం రెండైంది. పంతం కొద్దీ ఇంట్లో చెంచాల దాకా పంచుకున్నారు. గడ్డి కోసే బ్యాటరీ మిషన్ దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ తగ్గలేదు. చివరికి మిషన్ అన్న వాటాకి, దాని బ్యాటరీ, ఛార్జరు తమ్ముడి వాటాకి వెళ్లాయి. ఆ రోజు ఎవరికి వారు తామే గెలిచామనుకున్నారు. పచ్చిక మోకాలిదాకా పెరిగాక గాని తెలిసిరాలేదు, విడివిడిగా రెండూ చచ్చు సరుకేనని.

అప్పట్నుంచీ మిషన్ ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ. అన్నదమ్ములకి మాటల్లేవు కనక తోడికోడళ్లే దాన్ని గేటు దాటిస్తారు. "బ్యాటరీ నిండా ఛార్జి చేసి పంపమను" అని ఈయన. "బ్లేడు పదును పెట్టించి ఏడవమను" అని ఆయన. ఆ మాటలు మోసేదీ వాళ్లే.

తీసుకున్న సరుకు తీసుకున్నట్టు తిరిగివ్వడం వ్యాపారికి మొదటి మర్యాద. కోత కాగానే అన్న బ్యాటరీ ఊడదీసి, అడుగంతా పుల్లతో గీకి, పొడిగుడ్డతో తుడిచి మరీ పంపేవాడు. కరెంటు సామాను కనక నీళ్ల పైపు పట్టి కడగడానికి లేదు. చేత్తో గీకాల్సిందే.

ఇప్పుడూ గీకాడు. ముద్ద ఊడి చెప్పు మీద పడి, కాలివేళ్ల సందుల్లోకి చల్లగా జారింది. దాంతోపాటు సగం చివికిన వానపాము. తాగిన కాఫీ గొంతుదాకా వచ్చి ఆగింది.

పుల్ల విసిరేశాడు.

"ఇంక చాలు. రేపే కొత్త మిషన్ కొంటా, బ్యాటరీతో సహా. ఆ గేటు పీకించి గోడ పూడ్పించేస్తా. వాడి ముఖం చూసే పనే ఉండదు. పీడా పోతుంది."

భార్య ముఖం పాలిపోయింది. గొంతు సవరించుకుంది.

"పూడ్పించండి. కానీ ఒక్క మాటైనా అడక్కుండా పూడిస్తే మీ తమ్ముడేమనుకుంటాడు? అన్నని తరిమేశానని మీసం మెలేస్తాడు."

"అయితే నువ్వెళ్లి నాలుగు దులిపి రా."

"నా వల్ల కాదు బాబూ. మీ ఇద్దరి మాటలూ మోసి మోసి నా నోరు అరిగిపోయింది. దమ్ముంటే మీరే వెళ్లి దీన్ని ఆయన ముఖం ముందు పెట్టండి."

దమ్ము మాటెత్తితే ఆగే రకం కాదాయన. మిషన్‌ను ఈడ్చుకుంటూ వెళ్లి గేటుని కాలితో తన్నాడు.

పెరట్లో మొక్కలకి నీళ్లు పెడుతున్న తమ్ముడు బిగుసుకుపోయాడు.

"ఏరా, సిగ్గుందా? పందుల దొడ్డి ఊడ్చి పంపిస్తున్నావా నాకు?"

"నేనా?" తమ్ముడి గొంతు కీచుమంది. "నీ ఇంటి నుంచి వచ్చిన ప్రతిసారీ ఇదే కంపు! పెద్దవాడివి కదా అని నోరు మూసుకుని గీక్కుంటున్నా. మొన్న చచ్చిన కప్ప తగిలింది చేతికి. ఆ పూట అన్నం ముట్టలేదు తెలుసా?"

"నేను అద్దంలా తుడిచి పంపుతున్నాన్రా!"

"నేను పంపట్లేదేంటి మరి!"

ఇద్దరూ మిషన్ వంక చూశారు. దాని మీద ఈగలు ముసురుకున్నాయి. తమ్ముడి చూపు అన్న పాదం మీద పడింది. వాడి పెదవులు వణికాయి. ఆపుకోలేక ఫక్కున నవ్వేశాడు.

"ముందు ఆ చెప్పు విడిచెయ్ అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా. చచ్చేలా ఉన్నా."

"నవ్వకు, వెధవా. వచ్చి పట్టుకో."

"ఎక్కడ పట్టుకోమంటావు? ఎక్కడ ముట్టుకున్నా జారుతోంది!"

ఒకరు పట్టుకున్నారు, ఒకరు గీకారు. ఇద్దరూ ఉమ్మేస్తూ, తిట్టుకుంటూ, ముఖాలు పక్కకి తిప్పుకుంటూ. ఎవరి తప్పో తర్వాత తేల్చుకుందామన్నాడు అన్న.

అదంతా వంటింటి కిటికీలోంచి చూసిన ఆయన భార్య ఫోన్ తీసి, పక్కింట్లోని తోడికోడలికి గుసగుసగా చెప్పింది: "మాట్లాడుకుంటున్నారు చెల్లీ, మనం కుళ్లబెట్టిన ఆ గడ్డి బకెట్ ఇంక పారబోసెయ్."