నాలుగో పక్క

పదహారో పువ్వు ముడేసి, దారం తెంపి, ఒళ్ళో పోగుపడి ఉన్న ఊలు దుప్పటిని కోడలు మంచం మీద పరిచింది. పరిచి అలాగే నిలబడిపోయింది. పువ్వులు అయిపోయాయి. అంచు మాత్రం అయిపోలేదు. నాలుగో పక్క మొత్తం బోసిగా ఉంది.

"అత్తయ్యా, ఒకసారి ఇలా రండి."

అత్తగారు వంటింట్లోంచి తడి చేతులతోనే వచ్చి చూసింది. "బాగుందిగా అమ్మాయ్. ఆ ఒక్క పక్కా వదిలేయడం కొత్త ఫ్యాషనా?"

"ఫ్యాషనూ లేదు, పాడూ లేదు. పక్కకి నాలుగు పువ్వులు రావాలి. మొదటి పక్క నాలుగే ఉన్నాయి. రెండో పక్కకి ఐదయ్యాయి. ఇక్కడ చూడండి, ఏడు."

నిజమే. మొదట్లో పువ్వుకీ పువ్వుకీ మధ్య జానెడు ఉంది. పోనుపోను అది బెత్తెడైంది. చివరికొచ్చేసరికి రెండు వేళ్ళు పట్టడమే కష్టంగా ఉంది.

ఇద్దరు పిల్లల తల్లికి లెక్క నిలవదు. నలభై కుట్లు లెక్కపెట్టేలోగా ఒకదానికి దాహమేస్తుంది, రెండోది మంచం మీద నుంచి జారుతుంది. అందుకని కోడలు ఒక ఉపాయం కనిపెట్టుకుంది. పిల్లలు మధ్యాహ్నం పడుకున్నప్పుడు అంచు మొత్తం ఒక్కసారే లెక్కపెట్టి, పువ్వు రావలసిన ప్రతిచోటా ఒక రంగు క్లిప్పు తగిలించింది. ఇక ఎవరు ఎన్నిసార్లు పిలిచినా భయం లేదు. చేతులు అల్లుకుంటూ పోతాయి, కళ్ళు పొయ్యి మీద ఉంటాయి, చెవులు పిల్లల మీద ఉంటాయి. క్లిప్పు వేలికి తగిలిందా, దాన్ని తీసేసి అక్కడ పువ్వు అల్లేయడమే. ఆ ఉపాయానికి తనను తానే మెచ్చుకుంది కూడా.

"ఎవరో క్లిప్పులు జరిపారు," అంది కోడలు. సాయంత్రం నాలుగింటికి ఊలు షాపావిడ వస్తానంది. దుప్పటి నచ్చితే షాపులో ఒక అర మొత్తం ఈమె అల్లికలకే ఇస్తానంది. ఇప్పుడు రెండు పక్కల అంచు విప్పి మళ్ళీ అల్లాలంటే వారం పడుతుంది.

రెండేళ్ళ చిన్నది గుమ్మంలో కూర్చుని ఊలు ఉండని నాకుతోంది. కోడలు విసురుగా వెళ్ళి ఉండ లాక్కుని, చేతి మీద ఒక్కటేసింది. "దేన్నీ ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

చిన్నది ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆపైన ఇల్లెగిరిపోయేలా ఏడుపందుకుంది.

అత్తగారు దాన్ని ఎత్తుకుంది. "దాన్నెందుకు కొడతావమ్మా? నిన్న బిస్కెట్ల డబ్బా మూత తీయలేక డబ్బాతో సహా తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఇది ఆ క్లిప్పులు ఊడదీసి, మళ్ళీ ఇంకోచోట పెట్టిందంటావా? అంత పనిమంతురాలైతే నా కళ్ళజోడు కూడా దీని చేతే బాగు చేయించుకుంటాను."

ఎర్రబడిన ఆ చిట్టి చేతిని చూసి కోడలికి మనసు చివుక్కుమంది. "మరి మీరేమైనా, దుప్పటి దులిపినప్పుడు..."

"దులిపితే ఊడి కిందపడతాయి గానీ, బుద్ధిగా వరసలో దగ్గరికి జరుగుతాయా?"

కోడలు ఫోన్ తీసుకుని షాపావిడకి ఉన్న సంగతి చెప్పింది. వారం రోజులు గడువు అడిగింది.

"అయ్యో, పర్లేదమ్మా," అంది ఆవిడ చల్లగా. "పిల్లలున్న ఇల్లు, నాకు తెలియదా. ఆ అర ఇంకొకావిడ కూడా అడుగుతోంది. ఆవిడకి ఇచ్చేస్తాలే. మీ పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక చూద్దాం."

కోడలు ఫోన్ పక్కన పెట్టి మంచం అంచున కూలబడింది. చిన్నది ఏడ్చి ఏడ్చి నాయనమ్మ భుజం మీద వెక్కుతోంది. అర పోయినందుకు ఏడుపొస్తోందో, ఆ పసిదాన్ని కొట్టినందుకు ఏడుపొస్తోందో కోడలికే తెలియలేదు. రెండు నెలలుగా ఈ దుప్పటి తప్ప ఇంట్లో ఇంకేదీ సరిగ్గా చూడలేదు, తీరా చూస్తే దీన్నీ సరిగ్గా చూడలేదు.

ఆరేళ్ళ పెద్దది తలుపు చాటు నుంచి తొంగిచూసింది. అలికిడి లేకుండా వచ్చి తల్లికి రెండడుగుల దూరంలో ఆగింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"చెల్లిని కొట్టకమ్మా. క్లిప్పులు నేనే జరిపా."

కోడలు చివాలున తలెత్తింది. చెయ్యి కూడా లేచింది. కానీ పిల్ల వెనక్కి జరగలేదు, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుంది. ఆ మూసుకున్న కళ్ళు చూసి కోడలు చెయ్యి దించేసింది.

"ఒక్కసారా?"

పెద్దది కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది. "రోజూ."

"ఎందుకే? నేనంటే అంత కోపమా?"

"కోపం కాదమ్మా."

"మరి ఎందుకు జరిపావో చెప్పు. ఏమీ అననులే."

పెద్దది మెల్లగా కళ్ళు తెరిచి, దుప్పటి వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూసింది.

"ఆడుకుందాం రామ్మా అంటే, ఆ క్లిప్పు దాకా అల్లేసి వస్తానంటావుగా, అందుకని దగ్గరికి జరిపా; అయినా నువ్వు రావట్లేదని రోజూ ఇంకొంచెం దగ్గరికి జరిపా."