మోదుగాకు మీద ముద్ద

ఎండాకాలంలో శామీర్‌పేట చెరువు సగానికి తగ్గిందని వంశీ లోపలి ఇసుక మీదే టెంటు వేశాడు. తినేముందు అతని తల్లి విజయమ్మ పప్పన్నం ముద్ద ఒకటి మోదుగాకులో పెట్టి బయట ఉంచింది.

"అదెవరికి అత్తమ్మా?" కోడలు అశ్రిత నవ్వాపుకుంది.

"ఈడున్నోళ్లకు. బయట తింటే ముందుగాల వాళ్లకు పెట్టాలె బిడ్డా."

అర్ధరాత్రి అశ్రితకు మెలకువ వచ్చింది. బయట ఎవరో టెంటు గుడ్డను అరచేత్తో తడుతున్నారు. మెల్లగా, పసిపిల్లలు తలుపు తట్టినట్టు. భర్త, అత్త, తన చిన్న పాప పక్కనే నిద్రపోతున్నారు. ఆమె ఊపిరి బిగబట్టింది. తట్టడం ఆగలేదు. లేవబోయి చెయ్యి ఆనిస్తే చాప తడిగా తగిలింది.

"లేవుండ్రి, నీళ్లొస్తున్నయి," అని అశ్రిత అందరినీ తట్టి లేపింది.

ఎగువన ఎక్కడో వాన పడింది. పాపను ఎత్తుకుని, మోకాటి లోతు నీళ్లలో నలుగురూ కట్ట ఎక్కేసరికి టెంటు తేలిపోయింది.

తెల్లవారాక అది ఒడ్డున దొరికింది. గుడ్డ మీద పప్పు పసుపు అంటిన చేతి గుర్తులున్నాయి. అశ్రిత వాటిపై పాప చేతిని ఆనించి చూసింది. పాప చెయ్యే పెద్దది.

వంశీ టీకొట్టు నుంచి బన్నులు తెచ్చాడు. పాపకు ఇవ్వబోతూ అశ్రిత ఆగింది. చక్కెర అంటిన ముక్క చూసి తుంచి, ముందు కట్ట మీద పెట్టింది.