అంటుకోని అంటువ్యాధి

“ముందు మీరు వాణ్ణి ముట్టుకోండి. అప్పుడే మా ఇంటికి తీసుకెళ్తాను” అన్నాడు బావ, వార్డు గుమ్మం దాటకుండా.

లోపల మంచం మీద ఉన్నది ఆయన బావమరిది. వృత్తి టైలరు. జబ్బు, ఈమధ్యనే పేరు పెట్టించుకున్న ఎయిడ్స్. జ్వరం తగ్గింది, ఇంటికి పొమ్మన్నారు. పొమ్మంటే సరా, రానిచ్చేవాళ్లుండాలిగా!

పెద్ద డాక్టరు గొంతు సవరించుకున్నాడు. ఒంటికి గౌను, ముఖానికి మాస్కు, చేతులకు ఒకదాని మీద ఒకటి గ్లవ్స్. కళ్లు తప్ప మనిషి జాడ లేదు.

“చూడండీ, ఇది ముట్టుకుంటే అంటుకోదు. రక్తం వల్ల రావచ్చు, సూదుల వల్ల రావచ్చు...”

“మరి గుమ్మం మీద అంటువ్యాధుల వార్డు అని రాశారేం?”

“అంటువ్యాధే. కానీ అంటుకోదు.”

“అంటుకోని దాన్ని అంటువ్యాధని ఎందుకంటారు?”

“అంటారంతే!”

టైలరు కిసుక్కున నవ్వాడు. వాళ్లక్కకు మాత్రం ఒళ్లు మండింది. తమ్ముడి అన్నం పళ్లాన్ని ఆస్పత్రివాళ్లు చీపురుతో లోపలికి నెట్టడం ఆమె పొద్దున కళ్లారా చూసింది.

“అంటుకోదని మీరే అంటారు. మీరు మాత్రం వాణ్ణి అంటరు! ఇంక మా ఆయన్ని అని ఏం లాభం? వీణ్ణి ఎక్కడికి తీసుకుపోనండీ నేను?” అంది ఆమె.

డాక్టరుకు సిగ్గేసింది. ముట్టుకుంటే రాదని ఆయన తలకి తెలుసు. చేతులకే ఇంకా నమ్మకం కుదరలేదు. వెనక జూనియర్లు గోడకు బల్లుల్లా అతుక్కుపోయి చూస్తున్నారు.

గ్లవ్స్ పీకి పారేశాడు. మాస్కూ తీసేశాడు. కళ్లు గట్టిగా మూసుకుని టైలరు చెయ్యి పట్టేసుకున్నాడు.

“కాస్త మెల్లగా డాక్టరుగారూ! రేపు కత్తెర పట్టాల్సిన చెయ్యి” అన్నాడు టైలరు.

డాక్టరు కళ్లు తెరిచి చూశాడు. ఏమీ కాలేదు! సంతోషం పట్టలేక టైలర్ని కావలించుకున్నాడు కూడా. అక్క భోరుమంది. బావ మెల్లగా గుమ్మం దాటి వచ్చి సంచీ అందుకున్నాడు. కాస్త తటపటాయించి, బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు.

సాయంత్రం వాళ్లింట్లో అందరూ టీ తాగుతుంటే తలుపు చప్పుడైంది. బావ వెళ్లి తీశాడు. ఎదురుగా పెద్ద డాక్టరు, చంకలో దిండుతో.

“ఈ పూటకి మీ ఇంట్లో పడుకోనిస్తారా? మీ బావమరిదిని ముట్టుకున్నానని తెలిసి మా ఆవిడ లోపలికి రానివ్వడం లేదు.”

బావకు జాలేసింది. “పాపం, ఇంట్లో ఉండే మనిషి, ఆవిడకేం తెలుస్తుందండీ! మీరే నెమ్మదిగా చెప్పాలి.”

“ఏం చెప్పమంటారు? ముట్టుకుంటే రాదని మా డాక్టర్లందరికీ పాఠం చెప్పిందే ఆవిడ!”