మూడో కొటేషన్

సోమేశ్వరరావుకి యాభై ఏళ్లుగా తెల్లవారుజామున ఒకటే కల. తోట కల.

చిన్నప్పుడు స్కూలుకి వెళ్తూ రైల్వే ఆఫీసరు గారి బంగ్లా కంచె దగ్గర ఆగిపోయేవాడు. లోపల పొగడపూలు రాలిన బాట. గోడ మీంచి జారే రాధామనోహరం. తర్వాత బంగ్లా కూల్చేశారు, తోటా పోయింది. కల మాత్రం పోలేదు.

రిటైరయ్యాక, ఊరి చివరనున్న తాల్‌బగీచా దాటి, పల్లెటూళ్లో ఇల్లు కట్టుకున్నాడు. ఇంటిముందంతా ఎర్ర కంకర నేల. తోటకని రెండు లక్షలు విడిగా పెట్టాడు.

ముప్పై మూడేళ్లు రైల్వే టెండర్ సెక్షన్‌లో చేసిన మనిషి ఊరుకుంటాడా? మూడు కొటేషన్లు కావాలన్నాడు.

"నయమే, నన్ను చేసుకునేముందు పిలవలేదు కొటేషన్లు" అంది భార్య బాలాంబ.

రెండు కొటేషన్లు కోల్‌కతా కంపెనీలు పంపాయి, రంగు బొమ్మలతో. మూడోది సైకిల్ తోసుకుంటూ వచ్చింది.

ఎనభైకి దగ్గరపడ్డ ముసలాయన. పేరు ఎర్రయ్యట.

"తోట ఎయ్యిస్తన్నారంట గదా బాబూ. ఏటి కావాల మీకు?"

సోమేశ్వరరావు కళ్లు మూసుకుని తన కలంతా చెప్పాడు. ముసలాయన కూడా కళ్లు మూసుకునే విన్నాడు. విన్నాక గుప్పెడు మట్టి తీసి, నలిపి, వాసన చూశాడు.

"ముందు సెరువుమట్టి ఎయ్యాల. జనుము సల్లి, ఎదిగినాక ఎరువుకి దున్నెయ్యాల. మొక్కలు పైయేడు వానల్లో. రెండేళ్లు పట్టుద్ది."

"ఎంతవుతుంది?"

"మట్టి బండికి మూడు వేలు. మొక్కలు కొననక్కర్నేదు, నాకాడున్నాయి. నాకేటీ వొద్దు."

"ఇలాంటి పని చేసినట్టు సర్టిఫికెట్ ఉందా తాతా?"

"సెట్లు కాయితాలిస్తాయేటి బాబూ!" అని నవ్వేసి వెళ్లిపోయాడు ఎర్రయ్య.

మరీ తక్కువకి వచ్చినవాణ్ణి నమ్మకూడదన్నది సోమేశ్వరరావు సర్వీసంతా పాటించిన సూత్రం. కూలి కూడా వద్దంటున్నాడంటే ఏదో మతలబే. మూడో కొటేషన్ కొట్టేశాడు.

"ఆయన మట్టిని పట్టుకున్న తీరు చూశారా?" అంది బాలాంబ.

"దానికి మార్కులుండవే" అన్నాడు.

లక్షా తొంభై వేలకి ఒక కోల్‌కతా కంపెనీ కుదిరింది. గడ్డిని చాపల్లా చుట్టి తెచ్చి పరిచారు. ఆ రోజు ఎర్రయ్య మళ్లీ వచ్చాడు.

"కంకర మీద వేరు ఆనదు బాబూ..."

"ఠీక్ హై తాతా, వాళ్ల పని వాళ్లని చేసుకోనీ" అని గేటు దగ్గర్నుంచే పంపేశాడు సోమేశ్వరరావు.

పది రోజులు ఎంత పచ్చగా ఉందో! వైశాఖం ఎండలకి గడ్డి మాడి, చెక్కలు చెక్కలుగా లేచిపోయింది. డబ్బు పోయింది. అంతకంటే ఘోరం, కల రావడం మానేసింది. తెల్లవారుజామున లేచి, చీకట్లో ఆ బోడి నేలని చూస్తూ సోమేశ్వరరావు ఏడ్చాడు.

"ఏడిస్తే మొలుస్తుందా? వెళ్లి ఆ పెద్దాయన్ని పిలుచుకు రండి" అంది బాలాంబ.

న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో నలుగురినీ అడిగి ఇల్లు పట్టుకున్నాడు. గుమ్మంలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఎర్రయ్య భార్య, దాలమ్మ.

"నిన్ననే పదకొండో రోజు అయినాది బాబూ" అంది.

సోమేశ్వరరావు అరుగు మీద కూలబడ్డాడు.

"తోట కల సెప్పిన బాబు మీరేనా?"

తలూపాడు.

దాలమ్మ లేచి పెరటి తలుపు తీసింది. డబ్బాల్లో, పగిలిన కుండల్లో వరసగా మొక్కలు. పొగడ, రాధామనోహరం, ఇంకా పేరు తెలియనివెన్నో.

"మీ కోసమే అంట్లు కట్టినాడు, అట్టుకెళ్లండి."

"నాకోసం ఎందుకమ్మా ఇంత కష్టపడ్డాడు?"

దాలమ్మ కళ్లు తుడుచుకుంది.

"'ముప్పైయేళ్లు ఆ బంగ్లా తోటకి మాలీగా సేసినాను, అది గుర్తున్నోడు ఇన్నాళ్లకి ఒకడు దొరికినాడే దాలమ్మా' అని ఆ దినం ఇంటికొచ్చి ఎంత సంబరపడినాడో బాబూ!"