పులసకు ప్రైమర్

వియ్యాలవారు భోజనానికొచ్చే రోజు పులసని చెప్పి సముద్రపు ఇలస వండిపెడితే యానాంలో పరువు దక్కదు. అందుకే సత్తిరాజు, అందరిళ్లలోలాగే మిక్సీ పక్కనుండే జన్యుపరీక్షల పీసీఆర్ పెట్టెలో చిన్న చేపముక్క వేసి, పరీక్షకు ప్రైమర్లు, అంటే జాతిని పట్టిచ్చే డీఎన్ఏ తునకలు, రూపొందించే మూడు యాప్‌లూ తెరిచాడు. మొదటి రెండూ క్షణంలో ప్రైమర్లిచ్చి, పులసేనని పూచీపడ్డాయి. మూడోది వాటిని సరిచూసి, "పులసా ఇలసా రెండూ ఒకే జాతి చేప. గోదారికి ఎదురీదిందో లేదో ప్రైమర్లతో తేల్చడం కుదరదు," అంది.

"ఈ మూడో యాప్‌ని తీసెయ్యనా?" అని భార్యనడిగాడు.

"ఆ రెండూ తీసెయ్యండి. తెలీదని ఒప్పుకున్నది ఇదొక్కటే," అంది మంగతాయారు, పులుసులో బెండకాయలు వేస్తూ.

"మరి ఇది పులసేనంటావా?"

"వియ్యపురాలు మారు వడ్డించమంటే పులసేనండి."